చెల్లని మూడు సున్నాలు

కంప్యూటర్లు ఆగిపోయిన రోజునే మా వార్డులో కాగితం వాసన వస్తుంది. నిన్న మధ్యాహ్నం అలాగే అయింది. తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. ఐటీ వాళ్ళకి ఫోన్ చేస్తే చూస్తున్నాం సిస్టర్ అన్నారు, ఆ చూడటం సాయంత్రం దాకా సాగింది. చివరికి నేనే బీరువా తాళం తీసి, పాతకాలపు మందుల చార్టుల కట్ట బయటికి లాగాను. ఏళ్ళ తరబడి మూసిపెట్టిన కాగితం, దాని మీద కొంచెం స్పిరిట్, కొంచెం దుమ్ము. ఈ సౌదీ ఊరు అల్ ఖోబర్‌లో దుమ్ముకి తాళం వేసిన బీరువా కూడా అడ్డం కాదు. ఆ వాసన ముక్కుకి తగలగానే మోకాళ్ళ నొప్పుల మందు వాసన కూడా దానంతటదే గుర్తొచ్చింది. డ్యూటీ చివర చార్టులు సరిచూస్తుంటే ఒక దాంట్లో మధ్యాహ్నం మందు వేళ చుట్టూ ఎవరో నీలం పెన్నుతో సున్నా చుట్టి పెట్టారు. మందు ఇవ్వకపోతే ఆ వేళ చుట్టూ సున్నా చుట్టడం మా ఆసుపత్రి పద్ధతి. అందులో వింతేమీ లేదు. అయినా నేను కుర్చీలో కూలబడి ఆ సున్నా వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ళకి కూర్చోవడానికి ఒక సాకు దొరికిందనుకోండి.

రత్నకుమారి సిస్టర్‌ని మీరెవరూ చూసి ఉండరు. ఆమెది నరసాపురం దగ్గర పల్లె. నేను ఈ ఆసుపత్రికి వచ్చేసరికే ఆమె మా వార్డుకి ఇన్‌చార్జి, హాస్టల్లో నా గదిలో రెండో మంచం ఆమెది. పొట్టి మనిషి, గొంతు మాత్రం కారిడార్ ఆ చివర వరకు వినిపించేది. భర్త పోయాక ఈ దేశం వచ్చింది. పిల్లలు లేరు. సొంత ఊళ్ళో కంటే ఈ ఊళ్ళోనే ఎక్కువ కాలం బతికింది. సెలవుకి ఇండియా వెళ్తే వారం తిరక్కుండా విసుగొచ్చేదట. "అక్కడ నన్ను అందరూ చుట్టంలా చూస్తారమ్మాయ్. కుర్చీ వేస్తారు, కూల్‌డ్రింకు ఇస్తారు. నాకు పని చెప్పేవాళ్ళు ఒక్కళ్ళు ఉండరు" అనేది. ఆ మాట నవ్వుతూనే అనేది గానీ అందులో నవ్వేమీ లేదని నాకు తర్వాత అర్థమైంది.

నేను చేరిన కొత్తలో, చార్టులన్నీ ఇంకా చేతిరాతే అయిన రోజుల్లో, ఒక డాక్టరు రాసిన మందు పేరు నాకు సరిగా అర్థం కాలేదు. ఆ రోగానికి మామూలుగా ఏం ఇస్తారో తెలుసు కాబట్టి అదే అయి ఉంటుందనుకుని ట్రేలో పెట్టుకున్నాను. సిస్టర్ వెనక నుంచి వచ్చి చార్టు నా ముందు పెట్టింది. "ఏం రాసుంది చెప్పు" అంది. నేను మందు పేరు చెప్పాను. "అది నీకు అనిపించింది. కనబడింది చెప్పమన్నాను" అంది. నాకు ఒళ్ళు మండింది. అయినా చెప్పాను: మొదటి అక్షరం ఇలా ఉంది, తర్వాతది గీతలా ఉంది, మూడోది పైకి లేచి ఉంది, చివర ఒక తోక. చెబుతూ చెబుతూ ఉండగానే నాకే తెలిసిపోయింది, నేననుకున్న పేరుకి తోక లేదు. సిస్టర్ అప్పటికే డాక్టరుకి ఫోన్ కలిపింది. ఆయన అరుస్తున్నది నాకూ వినిపిస్తోంది. ఆమె ఫోను చెవికి దూరంగా పట్టుకుని, ఆయన అరుపు అయ్యేవరకు గోడ గడియారం చూస్తూ నిలబడి, "ఇప్పుడు పేరు చెప్పండి డాక్టర్" అంది. అది వేరే మందే. నన్ను ఒక్క మాట అనలేదు. "అడగడానికి మనిషి ఉన్నంతకాలం అడగడమే. మొహమాటం ఎందుకు?" అని మాత్రం అంది.

కొన్నాళ్ళకి మా హాస్టల్లో నర్సులందరం ఓటు వేయాల్సి వచ్చింది. ఆసుపత్రిలో ఓటింగేమిటని మీకు వింతగా ఉండొచ్చు. మాకూ అలాగే ఉండింది. నర్సుల డ్యూటీ ఎనిమిది గంటల నుంచి పన్నెండు గంటలకి మార్చాలని యాజమాన్యం ఆలోచన. పని రోజులు తగ్గుతాయి, సెలవు మూడు రోజులు వరసగా వస్తుంది. హాస్టల్ రెండుగా చీలిపోయింది. వాషింగ్ మెషీన్ దగ్గర మొదలైన వాదన కిచెన్‌లో తేలేది కాదు, మళ్ళీ మెట్ల మీద అందుకునేవాళ్ళు. ఆ గోల పడలేక నర్సింగ్ డైరెక్టర్ మేడమ్, మీరే ఓటు వేసి తేల్చుకోండి, ఏది ఎక్కువొస్తే అది అమలు చేస్తాం అని చెప్పేసింది. పన్నెండు గంటలు కావాలా అన్నది ఒకటే ప్రశ్న. యెస్, నో అని రెండు గడులు. నచ్చిన గడిలో టిక్కు పెట్టాలి, పేరు రాయకూడదు.

నా సంగతి చెబితే, మా ఆయన రాబిగ్‌లో రిఫైనరీ టెక్నీషియన్. ఈ దేశానికి నేనొక ఒడ్డున, ఆయనొక ఒడ్డున. ఒక్క రోజు సెలవుతో దమ్మాం నుంచి జెద్దా ఎగిరి, అక్కడి నుంచి రోడ్డు మీద రాబిగ్ వెళ్ళి, మొహం చూసి తిరిగి రావడం అయ్యే పని కాదు. మూడు రోజులు వరసగా దొరికితే అవుతుంది. యెస్ గెలవాలని నా ప్రాణం కొట్టుకుంది. కానీ నా పక్క మంచం మీద సిస్టర్ డ్యూటీ దిగి రాగానే కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకుని, మోకాళ్ళకి మందు రాయించుకునేది. రాసేది నేనే. ఎనిమిది గంటల డ్యూటీకే ఆ మోకాళ్ళు ఇడ్లీల్లా ఉబ్బేవి. పన్నెండు గంటలు వస్తే ఆమె నిలబడలేదు. నిలబడలేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే ఇక్కడ ఉండనిచ్చే ఇకామా లేదు, ఇకామా లేకపోతే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఈ ఊరు వదిలిపోవడమే. ఈ మోకాళ్ళ సంగతి హాస్టల్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ చెబుదామా, కొంతమంది మనసు మార్చుకుంటారేమో అన్నాను ఒకరోజు. "నా కాళ్ళు చూసి వేస్తారా వాళ్ళు ఓటు? వాళ్ళకీ మొగుళ్ళూ పిల్లలూ ఉన్నారు. నోరు మూసుకుని ఇంకొంచెం పైకి రాయి" అంది.

లెక్కించడానికి ముగ్గురు కావాలన్నారు. నో కోరేవాళ్ళంతా సిస్టర్ పేరు చెప్పారు. యెస్ కోరేవాళ్ళు షాహీన్ పేరు చెప్పారు. షాహీన్‌ది నల్గొండ, మాటకి మాట అప్పజెప్పే మనిషి. ఆమె భర్త ఇక్కడే ఒక షాపులో పనిచేస్తాడు, పిల్లలిద్దరూ ఇండియన్ స్కూల్లో చదువుతున్నారు. మూడో మనిషిగా సిస్టర్ నన్ను అడిగింది. నేను తప్పించుకోబోయాను. "నువ్వే ఉండాలి. ఎటు గెలిచినా ఏడ్చేదానివి నువ్వొక్కదానివే. అలాంటిదాని చేతిలో కాగితాలు భద్రంగా ఉంటాయి" అంది. నాకు యెస్ కావాలని నేనెప్పుడూ ఆమెకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఆమెతో ఎప్పుడూ వచ్చేది కాదు.

ఓట్ల డబ్బా కోసం ఎవరో స్టోర్ నుంచి వాడిన సూదులు పడేసే పసుపు డబ్బా కొత్తది తెచ్చారు. కాగితం దూర్చడానికి పైన సందు సరిగ్గా సరిపోయింది. సాయంకాలం వార్డు నుంచి వచ్చినవాళ్ళు, పొద్దున్న వార్డుకి వెళ్ళేవాళ్ళు, డైనింగ్ హాల్లో ఆగి నిలబడే ఓటు వేసి వెళ్ళారు. మర్నాడు మధ్యాహ్నం మా డ్యూటీలు అయ్యాక లెక్కకి కూర్చుంటే అప్పుడు గుర్తొచ్చింది, ఆ డబ్బా మూత ఒకసారి బిగిస్తే మళ్ళీ తెరుచుకోదు. లోపల సూదులు బయటికి రాకూడదనే దాన్ని అలా చేస్తారు. షాహీన్ కత్తెరతో కుస్తీ పట్టి, చివరికి వంటగది కత్తితో కోసింది. "ఓట్లకు ఆపరేషన్ అయితాంది, బయట నిలబడండ్రి" అని తలుపు దగ్గర గుంపుని తరిమింది. ఆ రోజుకి మేము నవ్వింది అంతే.

స్పష్టంగా ఉన్నవి ఒక పక్క, సందేహం ఉన్నవి ఇంకో పక్క వేశాం. షాహీన్ మంచివి లెక్కపెట్టబోతే సిస్టర్ ఆమె చెయ్యి పట్టుకుంది. ముందు సందేహాలు తేల్చాలి అంది. వాళ్ళ నాన్న హెడ్మాస్టరుగా ఉండేవాడట. కాగితం ఓట్ల కాలంలో లెక్కింపు డ్యూటీకి వెళ్ళొచ్చి, ఇంటి అరుగు మీద కూర్చుని ఆ సంగతులన్నీ ఆడపిల్లలకి చెప్పేవాడట. "ఎవరు ఎంతలో ఉన్నారో తెలిశాక సందేహం తీరదమ్మా, కళ్ళకి కావాల్సిందే కనబడుతుంది అనేవారు నాన్నగారు." అక్కడితో ఆగలేదు. ఆ సందేహం కట్ట మొత్తం నా చేతికిచ్చి, తనూ షాహీనూ బల్లకి అవతలి వైపు కూర్చున్నారు. "నువ్వు చూసి గుర్తు ఎలా ఉందో చెప్పు. యెస్ గడో నో గడో చెప్పకు. చెల్లుతుందో లేదో మేం చెబుతాం. ఇద్దరం సరే అంటేనే చెల్లినట్టు. కనబడింది చెప్పు, అనిపించింది చెప్పకు." వార్డులో డ్యూటీ అప్పగించేటప్పుడు రోగి సంగతి చెప్పినట్టు నేను ఒక్కో కాగితం చెప్పడం మొదలుపెట్టాను.

ఒక టిక్కు సగం గడిలో, సగం బయట. వేరే గడిలో ఏమీ లేదు. ఇద్దరూ చెల్లుతుందన్నారు. రెండు గడుల్లోనూ టిక్కులు, ఒక దాన్ని అడ్డగీతతో కొట్టేశారు. "కొట్టేసిందంటే మనసు మార్చుకుంది. మిగిలింది చెల్లుతుంది" అంది సిస్టర్. రెండు గడుల్లోనూ టిక్కులు, ఏదీ కొట్టేయలేదు. చెల్లదు. ఒక గడిలో టిక్కుకి బదులు ప్లీజ్ అని రాసి ఉంది. షాహీన్ నవ్వబోయి ఆగిపోయింది. "చెల్లుతుంది. ఎవరో గానీ ఆశ పడ్డది" అంది. తర్వాత వచ్చాయి అసలు చిక్కులు. టిక్కు చక్కగా గడి మధ్యలో ఉంది, పక్కనే రెండు పొడి అక్షరాలు. మందు ఇచ్చి టిక్కు పెట్టగానే పక్కన పొడి సంతకం చేయడం మా చేతులకి అలవాటు. అలాంటివి ఒకటి కాదు, వరసగా వచ్చాయి. సిస్టర్ చెల్లవంది. షాహీన్‌కి కోపం వచ్చింది.

"గట్లెట్ల సిస్టర్? టిక్కు కండ్లముందు కనబడుతాంది కదా. సంతకం చేస్తే తప్పేముంది?"

"ఎవరు వేశారో తెలిసిపోతుందమ్మా. రేపు పైవాళ్ళు ఈ కాగితాలు అడిగి తీసుకుంటే?"

"అడగరు. ఎందుకడుగుతరు?"

"అడగరనే అనుకుందాం. కానీ సంతకం ఉన్న ఓటు చెల్లుతుందంటే, ఇంకోసారి అందరి చేతా సంతకం పెట్టించి వేయిస్తారు. అప్పుడు ఎవరికి ధైర్యం?"

షాహీన్ కుర్చీలో వెనక్కి వాలింది. సరే పక్కన పెట్టు కరుణా అంది నాతో. అవి ఎక్కువగా యెస్ ఓట్లే. బల్ల అవతల కూర్చున్న ఇద్దరికీ ఆ సంగతి తెలియదు, నాకు తెలుసు. ఆ కట్ట నా చేతిలో బరువెక్కింది. మా ఆయన మొహం కళ్ళ ముందు మెదిలింది.

ఇక మిగిలినవి మూడు. మూడింటిలోనూ టిక్కు లేదు. మూడింటిలోనూ ఒక గడి చుట్టూ నీలం పెన్నుతో సున్నా చుట్టి ఉంది, రెండో గడి ఖాళీ. మూడు సున్నాలూ నో చుట్టూనే ఉన్నాయి. బయట ఎవరికి చూపించినా అది నో ఓటే అంటారు, నచ్చినదాని చుట్టూ గుర్తు పెట్టిందంటారు. కానీ మా ఆసుపత్రిలో సున్నా చుట్టామంటే ఇది ఇవ్వలేదు, ఇది కాదు అని. కాదు అన్నదాని చుట్టూ కాదు అని చుడితే యెస్ అయినట్టా? ఎలా చెబితే ఎలా తేలుతుందో నాకు తెలుసు. ఇష్టమైనదాని చుట్టూ గుర్తు పెట్టింది అని కొంచెం మెత్తగా చెబితే చాలు, సిస్టర్ ఈ ఊళ్ళో ఉండిపోతుందేమో. మందు ఇవ్వనప్పుడు చుట్టినట్టు అని చెబితే నేను రాబిగ్ వెళ్తానేమో. నేను రెండూ చెప్పలేదు. "ఒక గడి చుట్టూ సున్నా. రెండో గడి ఖాళీ. ఇలాంటివే మూడు" అన్నాను.

సిస్టర్ కళ్ళజోడు తీసింది. యూనిఫాం అంచుతో రెండు అద్దాలూ తుడిచింది, మళ్ళీ పెట్టుకోలేదు. డ్యూటీ చేసి వచ్చిన అలసట అనుకున్నాను. షాహీన్ వేలితో బల్ల మీద సున్నా గీస్తూ, "చార్టుల సున్నా అంటే ఇయ్యలేదని. బయట సున్నా అంటే ఇదే కావాలని. గిదేం పంచాయితీ?" అంది. సిస్టర్ కళ్ళజోడు బల్ల మీద పెట్టింది. "వేసినావిడ మనసులో ఏముందో వేసినావిడకి తెలుసు. కాగితానికి తెలీదు. రెండు అర్థాలు వస్తున్నాయి. చెల్లవు" అంది. చెల్లనివన్నీ ఒక కవరులో పెట్టి, నోటికి ప్లాస్టర్ అంటించేశాం. ఆ తర్వాత మంచి ఓట్లు లెక్కపెట్టాం. యెస్ రెండు ఓట్ల తేడాతో గెలిచింది. తలుపు బయట కేకలు, చప్పట్లు. షాహీన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు, లేచి వెళ్ళి ముగ్గురికీ టీ తెచ్చింది.

పన్నెండు గంటల డ్యూటీ మొదలైంది. నా మూడు రోజులు నాకు దొరికాయి. రాబిగ్ వెళ్ళేదాన్ని, వెళ్ళి మొదటి రోజంతా నిద్రపోయేదాన్ని. మా ఆయన కూర వండి, లేపడానికి మనసొప్పక ఒక్కడే తినేవాడు. సంతోషం లేదని అనను, ఉంది. ఒళ్ళు హూనమైపోయాక వచ్చే సంతోషం అది. ఇక్కడ సిస్టర్ మందుల ట్రాలీని పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. తర్వాత ట్రాలీ మీద ఒరిగి నడిచింది. తర్వాత ఒకరోజు వార్డు మధ్యలో ట్రాలీ ఆగిపోయింది. ఎవరూ పొమ్మనక ముందే ఆమె రాజీనామా కాగితం రాసిచ్చేసింది. ఎండలు ముదరకముందే ఫైనల్ ఎగ్జిట్ వచ్చేసింది.

సామాను సర్దుతుంటే నేను ఉండలేకపోయాను. అన్ని నెలలూ లోపల దాచుకున్నది బయటపెట్టేశాను. "సిస్టర్, ఆ రోజు మీకు చెప్పకూడదన్నారని చెప్పలేదు. ఆ మూడు సున్నాలూ నో చుట్టూనే ఉన్నాయి. అవి చెల్లి ఉంటే నో ఒక్క ఓటుతో గెలిచేది. మీరు ఇక్కడే ఉండేవారు."

ఆమె మడతపెడుతున్న తెల్ల యూనిఫాంని ఒడిలో పెట్టుకుని మంచం మీద కూర్చుంది.

"తెలుసమ్మాయ్. వాటిలో ఒకటి నాదే."

నేను ఎదురుగా నా మంచం మీద కూర్చున్నాను.

"నలభై చార్టులు చూసి దిగాను ఆ పూట. డైనింగ్ హాల్లో నిలబడే వేశాను, కాళ్ళు లాగేస్తున్నాయి. నో దగ్గర టిక్కు పెడదామనుకున్నాను. చెయ్యి ఇంకా చార్టు మీదే ఉంది, వద్దు అని మనసులో అనుకునేసరికి అదే సున్నా చుట్టేసింది. డబ్బాలో వేశాక గుర్తొచ్చింది. ఆ డబ్బా తెరుచుకోదుగా."

"చెప్పాల్సింది సిస్టర్. ఇది నాది, నా మనసులో నో ఉందని ఒక్క మాట చెప్పాల్సింది."

"చెబితే? నాది చెల్లిద్ది. మిగతా ఇద్దరినీ ఎవరు అడుగుతారు? ఎవరో కూడా తెలీదు. బల్ల దగ్గర కూర్చున్నాను కాబట్టి నా సున్నా చెల్లి, వార్డులో ఉన్నారు కాబట్టి వాళ్ళది చెల్లకపోతే ఎలాగమ్మా?" యూనిఫాం మడత సరిచేస్తూ, "ఆ ఇద్దరూ నాలాగే అలిసిపోయి ఉంటారు పాపం" అంది. తర్వాత మోకాలు చేత్తో నొక్కుకుంటూ, ఆ మందు సీసా ఎక్కడ పెట్టావు అని అడిగింది. నాకు ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే మందు రాశాను. అదే ఆఖరుసారి.

ఇప్పుడు ఆ వార్డుకి ఇన్‌చార్జిని నేను. ఎవరి సెలవు ముందు, ఎవరి మీద ఫిర్యాదు, ఎవరికి పండగ డ్యూటీ, రోజూ ఏదో ఒక తగువు నా బల్ల దగ్గరికి వస్తుంది. పేర్లు చెప్పకుండా ఏం జరిగిందో చెప్పండి అంటాను. నర్సు పిల్లలు విసుక్కుంటారు, ఈవిడతో పెద్ద చాదస్తమని. నిజానికి పేర్లు లేకుండా వింటే చాలా తగువులు సగం చెప్పేసరికే ఆగిపోతాయి. నాకు కష్టమనిపించేది ఒక్కటే. నాకు కావాల్సిన మనిషి సంగతి అని చెప్పేవాళ్ళ గొంతుని బట్టి తెలిసిపోతుందే, అప్పుడు. అప్పుడు నేనూ కళ్ళజోడు తీసి తుడుచుకుంటాను.

నిన్న ఆ చార్టు మీద సున్నా చుట్టిన అమ్మాయి ఇంకా డ్యూటీ దిగలేదు. పిలిచి అడిగాను, ఇది ఇవ్వలేదనేనా అని. రోగి వాంతి చేసుకుంటున్నాడు, డాక్టరు ఆపమన్నారు సిస్టర్ అంది. అంతే, అయిపోయింది. అడగడానికి మనిషి ఎదురుగా ఉండటం ఎంత సుఖమో. ఆ రోజు బల్ల దగ్గర సిస్టర్‌కి ఆ మనిషి ఇంతకంటే దగ్గరలో, ఆమె కుర్చీలోనే ఉంది. అయినా ఆమె అడగలేదు.